ఉద్దెర అడిగితే ఏం చెప్పాలి?

జనవరి నెలాఖరు వచ్చిందంటే నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్ పసుపు రాశులతో నిండిపోతుంది. కొనేవాడు రాశిలోకి చెయ్యి జొనిపి, అడుగు నుంచి ఒక కొమ్ము తీసి, పుటుక్కున విరిచి చూస్తాడు. విరిగిన చప్పుడు, లోపలి రంగు, వేళ్లకు తగిలిన తడి చూసుకుని మనసులో ఒక ధర అనుకుంటాడు. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు దేశం మొత్తం మీద తొలి విడతలో చేరిన 21 మార్కెట్లలో ఇదీ ఒకటి. ధర ఇప్పుడు కంప్యూటర్ తెర మీద పడుతోంది, కొమ్ము విరిచే చెయ్యి మాత్రం అదే. ఇక్కడి నుంచి హైదరాబాద్ దారి పట్టి కాస్త దూరం పోతే డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. ఆ గంజ్‌కు పసుపు తెచ్చే రైతుల పిల్లలు, ఆ రైతుల ఊళ్లలోనే బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, గల్ఫ్‌లో కష్టపడుతున్న తండ్రుల పిల్లలు ఈ జిల్లా కళాశాలల్లో చదువుకుంటున్నారు. పసుపు సీజనూ రెండో సెమిస్టరూ ఒకే కాలంలో నడుస్తాయి. అయినా మన డిగ్రీ చదువులో బేరం, కాంటా, ఖాతా పరీక్షకు రావు. విద్యార్థుల్లో వ్యాపార దక్షత పెంచాలని అందరూ అంటున్న ఈ రోజుల్లో ఈ దూరం గురించి మాట్లాడుకోవాలి.

వ్యాపార ధైర్యం గురించి మన కళాశాలల్లో మాటలకు కొదవ లేదు. ఏడాదికోసారి సదస్సు పెడతారు. హైదరాబాద్ నుంచి ఒక విజేత వచ్చి తాను ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడో చెబుతాడు. చప్పట్లు మోగుతాయి, ఫొటో పేపర్లో పడుతుంది. మర్నాటి ఉదయానికి పిల్లవాడి జేబులో గ్రూప్-4 ఉద్యోగ పరీక్ష పుస్తకాల జాబితా మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందులో వాడి తప్పేమీ లేదు. ఒక పని నా వల్ల అవుతుందనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే విడమరచి చెప్పాడు. ఆయన నాలుగు దారులు చూపించాడు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటి వాడు చేయగా చూడటం, ఇతరుల ప్రోత్సాహం, ఆ సమయంలో ఒంట్లోనూ మనసులోనూ కలిగే స్థితి. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిదే. మన సదస్సులన్నీ మూడోదాని చుట్టూ తిరుగుతున్నాయి. వేదిక మీది విజేత రెండోదానికీ పూర్తిగా పనికిరాడు, ఎందుకంటే వర్ని నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మాయికి అతను తనలాంటి వాడుగా కనిపించడు. ఈత గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా బావిలోకి దిగితే తప్ప ఈత రాదు. కాబట్టి విశ్వవిద్యాలయం పిల్లల చేత లోతు తక్కువ నీళ్లలో నిజమైన ఈత కొట్టించాలి. చిన్న మొత్తంతో, అసలు సరుకుతో, అసలు గిరాకీతో వ్యాపారం చేయించాలి, అందులో వచ్చిన లుక్సాన్‌ను కూడా చదువుగా లెక్కగట్టాలి. నా వాదన ఇంతే.

ఈ మాట ఇదే జిల్లాలోని బోధన్ నేల మీద నిలబడి చెప్పడానికి ఒక కారణం ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను ఈ పొలాలకు తెచ్చింది. ఆ నీళ్ల వెంట చెరకు వచ్చింది, 1930ల చివరికి బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం లేచింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ ఈ ప్రాంతానికి కాలనీ, జీతం, కూలీ, కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతులకు పంట భరోసా అన్నీ ఇచ్చింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం కమిటీ వేసింది. ఈ కథలో దగా ఉంది, నిర్లక్ష్యం ఉంది, వాటి మీద ఇప్పటికే చాలా రాశారు. నేను చూపించదలచుకున్నది మరొకటి. చెరకు రైతుకూ ఫ్యాక్టరీకీ నడుమ బేరం అనేదే ఉండదు. కోతకు ఎప్పుడు రావాలో ఫ్యాక్టరీ చెబుతుంది, ధర ప్రభుత్వం కడుతుంది, కాంటా వాళ్లది, బిల్లు వాళ్లు ఇచ్చిన రోజే వస్తుంది. చెరకును నిల్వ ఉంచుకుని మంచి ధర కోసం ఆగడం కుదరదు, నరికిన గంట నుంచే తీపి తగ్గిపోతుంది. అంటే ఎంత కష్టజీవి అయినా, ఎంత తెలివైన రైతు అయినా, కొనేవాణ్ని వెతకడం, ధర నిలబెట్టుకోవడం, సరుకుకు పేరు తెచ్చుకోవడం అనే విద్యలు అతనికి అవసరం పడలేదు. ఫ్యాక్టరీ నడిచినంత కాలం అది సుఖంగానే ఉంది. మూతపడ్డాక కొందరు చెరకును దూరపు ఫ్యాక్టరీలకు తోలారు, ఎక్కువ మంది వరికీ సోయాకూ మళ్లారు. మళ్లీ ధర ఇంకొకరు చెప్పే పంటలే.

ఇదే జిల్లాలో ఆర్మూర్ పక్కన అంకాపూర్ ఉంది. ఆ ఊరి పేరు చెబితే హైదరాబాద్‌లో చాలామందికి నాటుకోడి కూర గుర్తొస్తుంది. ఆర్డరిచ్చాకే వండి పెట్టే ఆ కోడి వెనక పెద్ద విత్తన వ్యాపారం ఉంది. ఎర్రజొన్న, సజ్జ, మొక్కజొన్న విత్తనాలు పండించి, ఊళ్లోనే శుద్ధి చేసి, రాష్ట్రాలు దాటించి అమ్మే ఊరది. అక్కడి ఆడవాళ్లు మక్కకంకుల బేరం పొద్దున్నే మొదలుపెడతారు. అంకాపూర్ మనుషులు బోధన్ మనుషులకన్నా ధైర్యవంతులని నేననడం లేదు. సొంత జిల్లా వదిలి పరాయి నేల మీద క్యాంపు వేసుకున్న రైతుకు ధైర్యం లేదని ఎవరనగలరు? తేడా సాధనలో ఉంది. విత్తన పంటలో ప్రతి సీజనుకూ కొత్త ఒప్పందం, కొత్త కొనుగోలుదారు, కొత్త బేరం ఉంటాయి. ప్రతిసారీ కొంత నేర్చుకుంటారు, కొన్నిసార్లు దెబ్బతింటారు. ఆ దెబ్బ చిన్నది కూడా కాదు. 2008లో ఎర్రజొన్న బకాయిల కోసం ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కితే పోలీసు కాల్పుల దాకా పోయింది. నోటి మాట మీద వేల క్వింటాళ్లు అప్పగిస్తే ఏమవుతుందో ఈ జిల్లాకు తెలిసినంతగా ఏ వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకానికీ తెలియదు. మన ప్రాంతంలో జీవితం ఇప్పటికే ఇంత ఖరీదైన పాఠాలు చెబుతోంది. వాటిని పిల్లలకు చౌకగా, ముందుగా, తక్కువ నొప్పితో అందించవచ్చు గదా.

ఆ చౌక పాఠం ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే. ముగ్గురు విద్యార్థులు కలిసి కిలో 150 రూపాయల చొప్పున పది కిలోల కొమ్ము కొన్నారనుకుందాం, 1,500 అయింది. గిర్నీలో పట్టించడానికి 150, కవర్లకూ స్టిక్కర్లకూ 200, బస్సు చార్జీలకు 100. మొత్తం లాగోడి 1,950. గిర్నీలో కొంత తరుగు పోగా తొమ్మిదిన్నర కిలోల పొడి చేతికొచ్చింది, వంద గ్రాముల చొప్పున 95 ప్యాకెట్లు. దుకాణానికి తీసుకెళితే షావుకారు ప్యాకెట్‌కు 20కి మించి ఇవ్వనన్నాడు. అన్నీ ఇచ్చేస్తే వచ్చేది 1,900, యాభై రూపాయల లుక్సాన్. ఇల్లిల్లూ తిరిగి 25కి అమ్మితే 2,375 వస్తుంది, 425 ఫాయిదా. కానీ నాలుగు సాయంత్రాలు ముగ్గురు తిరిగిన కూలి ఆ 425లో ఎక్కడ ఉంది? పైగా షావుకారు ఇంకో మాటంటాడు: సరుకు ఇక్కడ పెట్టి పో, అమ్ముడుపోయాక పైసలిస్తా. అదే ఉద్దెర. దానికి అవునంటే పైసలు ఎప్పుడొస్తాయో తెలియదు, కాదంటే ఆ గడప మళ్లీ తొక్కలేరు. ఇరవై ఏళ్ల పిల్లకు ఆ క్షణంలో గొంతు తడారిపోతుంది. ఆ తడారిన గొంతుతోనే ఏదో ఒక జవాబు చెప్పి బయటపడటం, పక్క దుకాణంలో కొంచెం మెరుగైన జవాబు చెప్పడం, నాలుగో దుకాణంలో సగం నగదు, సగం ఉద్దెర అని తానే షరతు పెట్టడం: ఆత్మవిశ్వాసం పుట్టే చోటు ఇది. తరుగు, లాభశాతం, చెలామణి పెట్టుబడి అన్న మాటలు తరువాత తరగతిలో వింటే అవి ఆమెకు తెలిసినవాటి పేర్లుగా వినిపిస్తాయి.

ఇదంతా పుట్టుకతో రావాలి, వ్యాపారం కొన్ని కులాల రక్తంలోనే ఉంటుంది అనే మాట మన సమాజంలో ఇంకా గట్టిగానే వినిపిస్తుంది. దీనికి జవాబు ఎక్కడో వెతకనక్కరలేదు, తెలుగు నేల మీదే ఉంది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెల్లండ్ కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాద్‌లోని చిన్నతరహా పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో వాళ్లకు కొద్ది రోజుల శిక్షణ ఇప్పించాడు. ఆ సంస్థే నేడు యూసుఫ్‌గూడలో ఉన్న ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. తమకు తాము లక్ష్యం పెట్టుకోవడం, మరీ తేలికా మరీ అసాధ్యమూ కాని పందెం ఎంచుకోవడం, ఫలితం చూసుకుని సరిదిద్దుకోవడం ఆటలతో, అభ్యాసాలతో నేర్పారు. ఆ తరువాత చూస్తే శిక్షణ పొందినవారు పొందనివారికన్నా చురుగ్గా కొత్త పెట్టుబడులు పెట్టారని, కొత్త పనులు మొదలెట్టారని 1969లో వచ్చిన పుస్తకంలో మెక్‌క్లెల్లండ్, ఆయన సహరచయిత వింటర్ రాశారు. సంప్రదాయ నమ్మకాలు, ఆచారాలు అందుకు అడ్డుపడినట్టు వాళ్లకు కనిపించలేదు. ఆ ప్రయోగంలో ఎంచుకున్నది అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లను, పైగా సంఖ్య కూడా చిన్నదే, కాబట్టి దాన్ని వేదంగా పట్టుకోవలసిన పని లేదు. వ్యాపార స్వభావం జన్మతః వచ్చే సొత్తు అనే మాటకు మాత్రం అది గట్టి దెబ్బే.

అర్ధ శతాబ్దం తరువాత అదే దారిలో మరింత పకడ్బందీ ఆధారం ఆఫ్రికా నుంచి వచ్చింది. టోగో దేశంలో 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు పద్దులు, మార్కెటింగ్ లాంటి మామూలు శిక్షణ, ఇంకో గుంపుకు తానే ముందడుగు వేయడం, అడ్డంకి వచ్చినా వదలకపోవడం మీద శిక్షణ ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం రెండో శిక్షణ లాభాలను 30 శాతం పెంచింది, మామూలు శిక్షణ ప్రభావం చెప్పుకోదగినట్టు తేలలేదు. అయితే నాణేనికి రెండో వైపూ చూడాలి. నెదర్లాండ్స్‌లో ఒక కళాశాలలో విద్యార్థుల చేత చిన్న కంపెనీలు నడిపించిన కార్యక్రమాన్ని పరిశీలిస్తే, దాని తరువాత వ్యాపారం పెట్టాలన్న కోరిక పెరగకపోగా తగ్గిందని 2010లో తేలింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశీలనలోనూ సగటున కోరిక కొంత తగ్గింది. చూశారా, ఈ చదువు పనికిరాదు అనేవాళ్లకు ఇవి ఆయుధాలు. నాకు మాత్రం ఇవి ఈ చదువు పనిచేస్తోందనడానికి గుర్తులు. వ్యాపారం తనకు సరిపడదని ఇరవై ఏళ్లకే, రెండువేల రూపాయల ఖర్చుతో తెలుసుకున్నవాడు అదృష్టవంతుడు. అదే సంగతి ముప్పై అయిదేళ్లకు, గల్ఫ్‌లో కూడబెట్టిందంతా ఒక దుకాణంలో పోసి, భూమి తాకట్టు పెట్టాక తెలుసుకున్నవాళ్లు ఈ జిల్లాలో ఊరికొకరైనా కనిపిస్తారు. తన శక్తి కొలత తెలియని వాడి ధైర్యాన్ని ఆత్మవిశ్వాసం అనలేం. ఈ చదువు ఫలితాన్ని ఎన్ని కంపెనీలు పెట్టారనే లెక్కతో కొలిచినంత కాలం దాన్ని తప్పుగానే కొలుస్తాం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. ఉద్యోగాలు ఇవ్వలేని ప్రభుత్వం పిల్లలకు పసుపు ప్యాకెట్లు అంటగడుతోందా అని అడుగుతారు. అడగాలి కూడా. 8 వేల పైచిలుకు గ్రూప్-4 పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేసిన రాష్ట్రం ఇది. ఖాళీలు భర్తీ చేయాలి, శక్కర్‌నగర్ చిమ్నీ మళ్లీ పొగ చిమ్మాలి. ఇవి ప్రభుత్వ బాధ్యతలు. సొంత కాళ్ల మీద నిలబడండి అనే నీతి వాక్యం ఆ బాధ్యతలకు ముసుగు కాకూడదు. కానీ ఆ తొమ్మిదిన్నర లక్షల లెక్కలోనే ఇంకో సత్యం ఉంది: పోస్టులన్నీ నిండినా తొమ్మిది లక్షల మందికి పైగా బయటే మిగులుతారు. నాలుగైదేళ్లు కోచింగ్ గదుల్లో కూర్చుని బయటికి వచ్చేసరికి వాళ్ల చేతిలో మార్కుల జాబితా తప్ప మరో పని అనుభవం ఉండదు. బేరం నేర్చినవాడు గుమాస్తా ఉద్యోగానికి అనర్హుడైపోడు, పైగా మండల కార్యాలయంలో మహిళా సంఘానికి రుణ పత్రం రాసే ఉద్యోగికి పద్దు చదవడం రావడం మంచిదే. ఫ్యాక్టరీ సంగతీ అంతే. రేపు అది తెరుచుకుంటే దానితోపాటు మొలాసిస్, పిప్పి, మడ్డి, రవాణా, యంత్రాల మరమ్మతు చుట్టూ చిన్న వ్యాపారాలు లేవాలి. వాటికి మనుషులు ముందే తయారై ఉండకపోతే పాత కథే తిరిగి వస్తుంది, ఒక గేటు వైపు చూసే వేల కళ్ల కథ.

పేద పిల్లలకు ఇది ప్రమాదం కదా అనే ప్రశ్న మరింత న్యాయమైనది. తల్లి వెయ్యి బీడీలు చుట్టి తెచ్చిన కూలి లోంచి కాలేజీ ఫీజు కట్టే ఇంటి బిడ్డకు యాభై రూపాయల నష్టం కూడా నష్టమే. వాళ్లకు ధైర్యం నేర్పి అప్పు చేయించడం ద్రోహం. అందుకే తొలి పెట్టుబడి విద్యార్థి ఇంటి నుంచి రాకూడదు. బృందానికి రెండువేల రూపాయల చొప్పున కళాశాలే ఇవ్వాలి, సెమిస్టరు చివర మిగిలింది తిరిగి తీసుకోవాలి, పోయింది పోయినట్టు పద్దు రాసుకోవాలి. వంద బృందాలున్న కళాశాలకు మొత్తం పెట్టుబడి రెండు లక్షలు, అదీ పూర్తిగా పోదు. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2021 నుంచి ఇలాంటి చిన్న మూలధనం పిల్లల చేతికి ఇచ్చి చూశారు. విశ్వవిద్యాలయానికి అది అసాధ్యమేమీ కాదు. ఆ మెట్టు దాటి నిజంగా వ్యాపారం పెట్టాలనుకున్న కొద్దిమందికి మాత్రమే బ్యాంకు దారి చూపాలి. చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు 2020లో వచ్చిన కేంద్ర పథకం పది లక్షల పరిమితితో 35 శాతం రాయితీ ఇస్తోంది. రాయితీ ముందు, అనుభవం తరువాత అనే వరుస మన దగ్గర ఎన్నో యూనిట్లను ముంచింది. దాన్ని తిరగేయాలి.

ఎవరు నేర్పాలి అన్నది తరువాతి చిక్కు. జీవితంలో ఒక్క ప్యాకెట్ అమ్మని అధ్యాపకుడు అమ్మకం నేర్పగలడా? ఒంటరిగా నేర్పలేడు, నేర్పనవసరమూ లేదు. డిచ్‌పల్లిలోనే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా మీద దేశమంతా ఏర్పడిన సంస్థల్లో అదొకటి. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఆహార సాంకేతిక కళాశాల ఉంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలిచి, ఒక్క నియోజకవర్గంలోనే 185 మంది అభ్యర్థులయ్యేలా చేసి, ఆ బోర్డు కోసం దేశం దృష్టి తిప్పారు. అంత పోరాడి తెచ్చుకున్న బోర్డు ఎగుమతిదారులకే పరిమితమైతే ఆ రైతుల పిల్లలకు ఏం మిగిలింది? గంజ్ ఆడ్తిదారు ఒక గంట వచ్చి కొమ్మూ మండా విడదీసి చూపించవచ్చు. మహిళా సంఘం నాయకురాలు వాయిదా తప్పిన సభ్యురాలితో ఎలా మాట్లాడాలో చెప్పవచ్చు. అంకాపూర్ విత్తన రైతు ఒప్పంద పత్రంలో ఏ వాక్యం లేకపోతే మునిగిపోతామో వేలు పెట్టి చూపించవచ్చు. ఒప్పందాల చట్టం ఆయన తరువాత చెబితే పిల్లల తలకెక్కుతుంది. అధ్యాపకుడు ఈ అనుభవాలను కూర్చి, ప్రశ్నలు వేసి, పద్దులు సరిచూస్తే చాలు. వీళ్లంతా బండూరా చెప్పిన రెండో దారి కూడా, వర్ని అమ్మాయికి తనలాంటి వాళ్లుగా కనిపించే మనుషులు.

ఇదంతా హైదరాబాద్ స్టార్టప్ నమూనాకు వ్యతిరేకమని అనుకోవద్దు. 2015లో మొదలైన టీ-హబ్ ఎందరికో దారి చూపింది. నిజామాబాద్‌లోనూ 2023 ఆగస్టులో ఐటీ హబ్ తెరిచారు. కోడ్ రాయగలిగిన పిల్లలకు అవి కావాలి. కానీ వ్యాపారం అంటే యాప్ అనే అర్థమే మన పిల్లల మనసులో నిలిచిపోతే, కళ్ల ముందున్న పంట వాళ్లకు కనబడకుండా పోతుంది. నిజామాబాద్ రైతు నేటికీ మెరుగైన ధర కోసం పసుపును లారీలో వేసుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతాడు. 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పేరు సాంగ్లీది. ఉడకబెట్టడం, ఎండబెట్టడం, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టడం, రకం వారీగా విడదీయడం, కర్కుమిన్ పరీక్ష చేయించడం, పేరు పెట్టి అమ్మడం: ఈ ఆరు మెట్లలో ప్రతి దానిలోనూ ఒక డిగ్రీ విద్యార్థికి పని ఉంది. రసాయనశాస్త్రం చదివేవాడికి పరీక్షలో, వాణిజ్యం చదివేవాడికి ఖర్చుల లెక్కలో, తెలుగు చదివే అమ్మాయికి ఆ ప్యాకెట్ మీద కొనాలనిపించేలా రాసే నాలుగు మాటల్లో.

చివరికి అంతా మార్కుల దగ్గరికి వస్తుంది. మన పిల్లలు మార్కులు వచ్చే పనినే చేస్తారు, అది వాళ్ల లోకజ్ఞానం. విద్యార్థి వ్యాపారం కోసం చదువుకు విరామం తీసుకోవడానికి, హాజరులో సడలింపుకు 2019 నాటి జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ఇప్పటికే వీలు కల్పిస్తోంది. డిగ్రీ స్థాయిలో అంత పెద్ద విరామం అక్కర్లేదు. పసుపు సీజను సెమిస్టరులో నాలుగు క్రెడిట్లు చాలు. వాటిని లాభం చూసి ఇస్తే పిల్లలు దొంగ బిల్లులు నేర్చుకుంటారు. పద్దు నిజాయితీ చూసి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పగలిగిన స్పష్టత చూసి, రెండో విడతలో ఏం మార్చారో చూసి ఇవ్వాలి. పరీక్షకుడి బల్ల మీదికి ఒక ఖాతా పుస్తకం వస్తుంది. అట్ట మీద పసుపు మరకలు, లోపల గిర్నీ చీటీ, బస్సు టికెట్లు, ముగ్గురు షావుకార్ల పేర్ల పక్కన ఉద్దెర బాకీలు, చివరి పేజీలో లుక్సాన్ యాభై రూపాయలు అని ఎర్ర సిరాతో రాసి, దాని కింద ఆ యాభై ఎందుకు పోయిందో పది వాక్యాలు. ఆ పుస్తకానికి నూటికి ఎనభై వేసే ధైర్యం ముందు విశ్వవిద్యాలయానికి రావాలి. పిల్లల ధైర్యం సంగతి ఆ తరువాత గంజ్ చూసుకుంటుంది.